కోట్ల హిసాబ్, మనుషుల హిసాబ్

ఫలానా సినిమా పాత రికార్డులన్నీ తుడిచేసిందని నెలకో ఖబర్ వస్తుంటుంది. జర్నలిస్టుగా నేనూ అలాంటివి రాసినవాణ్నే. కానీ ఆ రికార్డు రూపాయలది. టికెట్ ధర పెరిగితే అది దానంతటదే బద్దలవుతుంది. హాలుకు ఎంతమంది వచ్చారని అడిగితే మాత్రం పాత సినిమాలదే పైచేయి.

'షోలే' సంగతే చూడండి. 1975 ఆగస్టు 15న విడుదలైంది. మొదట్లో చప్పగా నడిచింది. ఇవాళైతే సోమవారానికే తీసేసేవారు. అప్పుడు ఆగారు, నోటి మాట పాకింది. బొంబాయి మినర్వాలో ఐదేళ్లకు పైగా ఆడింది! సలీం-జావేద్ డైలాగులు రికార్డులుగా అమ్ముడుపోయాయి. డైలాగులన్నీ జబానీ వచ్చినవాళ్లే మళ్లీ టికెట్ కొన్నారు. కథ తెలుసుకోవడానికి కాదు, వినే మజా కోసం.

పాతవన్నీ గొప్పవి, కొత్తవన్నీ బేకార్ అని మా పెద్దల దావా. నేనొప్పుకోను. ఆ జమానాలోనూ చెత్త బోలెడు. అసలు ఫరక్ వేరే: సినిమా టాకీసులో తప్ప ఇంకెక్కడా దొరికేది కాదు. 1960లో 'మొఘల్-ఎ-ఆజమ్' దేశమంతా కలిపి 150 హాళ్లలో విడుదలైంది. ఇప్పుడు పెద్ద సినిమాకు వేల తెరలు. అప్పుడు ప్రింట్లు తక్కువ, ఇంతెజార్ ఎక్కువ. జనమే సినిమా దగ్గరికి నడిచి వెళ్లారు. 1982లో కలర్ టీవీ, వెనకే వీసీఆర్ వచ్చి ఆ కట్టు తెంపేశాయి. ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకోటుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఒకే హాల్లో రిక్షా తొక్కేవాడికీ జాగా, వకీల్ సాబ్‌కీ జాగా. హైదరాబాద్‌లో జనానా తరగతి ఉండబట్టే మా దాదీ లాంటి పరదా మనుషులు కూడా సినిమాకు వెళ్లగలిగారు. మల్టీప్లెక్సు వచ్చాక నేల టికెట్ పోయింది, దాంతో పాటు నేల మనిషీ పోయాడు. ఖానాన్ మొత్తం వెళ్తే మజ్దూర్‌కి రెండు మూడు రోజుల కూలీ ఖతం. హాళ్లు ఖాళీ అంటూ ఏడ్చే నిర్మాతలు ఈ మాట మాత్రం ఎత్తరు.

2004లో 'మొఘల్-ఎ-ఆజమ్' రంగులద్దుకుని మళ్లీ హాళ్లకు వచ్చింది. తీసుకెళ్తానని అమ్మీని అడిగాను. టికెట్ ఎంతని అడిగింది. చెప్పాను.

"రహనే దో బేటా, టీవీలో వస్తుంది కదా" అంది.