కంటి లోపలి పొరల ఫోటో: ఒక చిన్న చరిత్ర

మన సంఘ సభ్యులలో డెబ్బై దాటినవారే ఎక్కువ. పెన్షను, డి.ఏ. సంగతులయ్యాక మాటలు కళ్ల మీదికే వస్తాయి. ఎచ్చెర్ల నుంచి నూరు కిలోమీటర్లు బస్సులో విశాఖ వెళ్లి వచ్చినవారు "గడ్డం ఆనించమన్నారు, ఒక గీత వెలిగింది, క్షణంలో అయిపోయింది" అంటారే గాని, ఆ యంత్రం సంగతి చెప్పరు. షుగరు కారణంగా నేనూ దాని ముందు కూర్చున్నవాడినే. తెలుసుకున్నది మనవి చేస్తున్నాను.

1851లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించారు. దానితో డాక్టర్లు బతికున్న మనిషి రెటీనాను చక్కగా చూడగలిగారు. అయితే అది పైచూపు మాత్రమే. గోడకు వేసిన సున్నం కనబడుతుంది గాని లోపలి ఇటుకలు కనబడవు. రెటీనా మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందులోనే పది పొరలు!

1991లో అమెరికాలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ ప్రభృతులు ఓ.సి.టి. అనే పద్ధతిని ప్రకటించారు. అల్ట్రాసౌండులో శబ్దం తిరిగి వచ్చే కాలాన్ని కొలుస్తారు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, దాన్ని అలా కొలవడం కుదరదు. అందుచేత కాంతిని రెండుగా చీల్చి, ఒక పాయను కంటిలోకి, రెండవదాన్ని అద్దం మీదికి పంపి, తిరిగి వచ్చాక కలిపారు. రెండూ నడిచిన దూరం సమానమైతేనే సంకేతం వస్తుంది. అద్దాన్ని జరుపుతూ ఒక్కొక్క లోతునూ కొలిచారు.

1996లో ఈ యంత్రం అమ్మకానికి వచ్చింది. అది సెకనుకు సుమారు 100 గీతలే తీసేది. మన కన్ను క్షణమైనా కదలకుండా ఉండదు కదా, బొమ్మ చెదిరేది. తర్వాత అద్దం జరిపే పని మానేసి, తిరిగి వచ్చిన కాంతిని ఇంద్రధనుస్సులా విడదీసి, అన్ని లోతులనూ కంప్యూటరుతో ఒకేసారి లెక్కకట్టారు. 2006 ప్రాంతానికి వేగం సెకనుకు 20 వేల గీతలు దాటింది. నేడు లక్ష దాటిన యంత్రాలున్నాయి. 5 మైక్రాన్ల తేడా కూడా తెలుస్తుంది. తలవెంట్రుక అంతకు పదింతలకు పైగా లావు. ఆ ముగ్గురికీ 2023లో లాస్కర్ బహుమతి లభించింది.

మన వైపు సంగతి. సినీ ప్రముఖులు ఎల్.వి.ప్రసాద్ గారి విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో కంటి ఆసుపత్రి ప్రారంభించారు. 2006లో దాని విశాఖ ప్రాంగణం వచ్చింది. ఉత్తరాంధ్ర వారికి దూరాభారం తగ్గింది.

నా మటుకు నేను చార్టులో చివరి వరుస కూడా చదివాను. నొప్పి లేదు, మసక లేదు. అయినా ఎడమ కంటి పొరల మధ్య నీరు చేరినట్టు ఫోటోలో తేలింది. సకాలంలో మొదలైన ఇంజెక్షన్లతో చూపు నిలిచింది. కళ్లజోడు నెంబరు చూపించుకోవడం వేరు, రెటీనా పరీక్ష వేరు. షుగరున్న సోదర సోదరీమణులు చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలని కోరుతున్నాను. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే ఈ పనీ పెట్టుకుంటే మరచిపోయే ప్రమాదం ఉండదు.