గడ్డి మంట, యుజు పులుపు

జపాన్‌లోని కోచి తీరం, కురె రేవు. అక్టోబరు నెలాఖరు. చేపలంగడి వెనక పెరట్లో మీ ముందున్న చెక్క బల్ల మీద కత్సువో చేప ఉంది. ట్యూనా జాతిదే, మూడు కిలోలకు తగ్గదు. వీపు ముదురు నీలం, పొట్ట వెండి తెలుపు, ఆ తెలుపు మీద బారుగా నల్లచారలు. బతికుండగా అంతగా కనబడని ఈ చారలు చచ్చాకే తేలతాయి. నొక్కి చూడండి, వేలు దిగదు. వలలో ఒకదాని మీద ఒకటి పడి నలిగిన చేప కాదిది. గేలంతో ఒక్కొక్కటిగా పట్టడం ఈ ఊరివాళ్లకు తరాలుగా వస్తున్న విద్య. వసంతంలో కురోషియో ప్రవాహం వెంట ఉత్తరానికి వెళ్లే కత్సువో సన్నగా ఉంటుంది. ఇప్పుడు చల్లటి నీళ్లలో బాగా మేసి, కొవ్వు పట్టి తిరిగొస్తోంది.

అంగడి పెద్దామె మందపాటి కత్తి తీసింది. ఈ చేపకు ఒళ్లంతా పొలుసులుండవు. మెడ చుట్టూ, పక్క రెక్కల దగ్గర మాత్రం గట్టి పట్టీ ఉంటుంది. దాన్ని చెక్కేసి, తల కోసి, పేగులు లాగేసింది. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. పేగుల్లో అనిసాకిస్ పురుగులుంటే చేప చచ్చాక కండలోకి పాకుతాయి. పైపైన తగిలే మంట వాటినేమీ చేయదు. అందుకే పొట్టవైపు కండను వెలుతురుకు పట్టి అంగుళం అంగుళం చూస్తోంది. అనుమానమొస్తే మైనస్ 20 డిగ్రీల్లో ఒక రోజంతా గడ్డకట్టించాల్సిందే. పచ్చిమాంసం తినిపించే చేతికి ఇంత భయం ఉండాలనే నా నమ్మకం.

వీపువైపు రెండు, పొట్టవైపు రెండు, మొత్తం నాలుగు పొడుగాటి ముక్కలు వచ్చాయి. నడుమ ఉండే నల్లటి నెత్తురు కండను తీసేసింది. చర్మం మాత్రం వదిలేసింది. ఉప్పు రాసి, ఐదు ఇనప చువ్వలను చేతి దగ్గర కలిసేలా, అవతల విడిపోయేలా చర్మం కిందుగా గుచ్చింది.

"కాస్త వెనక్కి జరగండి," అంటోంది. జరగండి.

ఇనప తొట్టిలో పిడికెడు వరిగడ్డి వేసి అంటించగానే మంట మనిషెత్తు లేచింది. బొగ్గులైతే వేడి నిదానంగా లోపలిదాకా పాకి కండ ఉడికిపోతుంది. గడ్డి అలా కాదు, భగ్గుమని లేస్తుంది, చప్పున చల్లారుతుంది. చర్మాన్ని కాల్చేసి, లోపలి కండకు సెగ తగిలేలోపే ఆరిపోవాలి. ఈ వంటకానికి కావలసిన మంట అదే. ముందు చర్మంవైపు. కొవ్వు చిటపటమంటూ బుడగలెత్తుతోంది, కారిన నూనె మంటను ఇంకా ఎగదోస్తోంది. ఇంకో పిడికెడు గడ్డి. చర్మం అక్కడక్కడా నల్లబడగానే తిప్పింది. కండవైపు పది లెక్కపెట్టేంతసేపే. పొగ మీ జుట్టుకూ బట్టలకూ పట్టింది. చేప నీచు వాసనను అణిచేది కూడా ఆ పొగే.

కొందరు దీన్ని వెంటనే ఐసునీళ్లలో ముంచుతారు. ఈమె ముంచదు. ముంచితే పొగ వాసన, కరిగిన కొవ్వు రెండూ కడుక్కుపోతాయి. నా ఓటు ఈమెకే.

17వ శతాబ్దం మొదట్లో ఇక్కడికి ఏలికగా వచ్చిన యమవుచి కజుతొయో, జనం జబ్బుపడుతున్నారని పచ్చిచేప తినొద్దన్నాడట. ఊరివాళ్లు పైన కాల్చి, వండినట్టు చూపించి, లోపల పచ్చిగానే తిన్నారట. కథే కావచ్చు. కానీ కత్తి దిగాక చూడండి: అంచున పలచటి బూడిదరంగు గీత, దాని లోపలంతా నిగనిగలాడే ముదురెరుపు. వేలెడు మందాన కోస్తోంది. పలచగా కోస్తే ఈ చేప రుచి తెలియదంటారు ఇక్కడ.

ఇక పొన్జు అనే పుల్లటి పులుసు. దాని పులుపు యుజు అనే నిమ్మజాతి పండుది. జపాన్ యుజు పంటలో దాదాపు సగం కోచిదే. ఉమాజి, కితగావా లాంటి కొండ ఊళ్లలో పొడుగాటి ముళ్ల చెట్లకు కాస్తుంది. ఇప్పుడే పచ్చదనం పోయి పసుపు తిరుగుతోంది. సగానికి కోస్తే గుజ్జు కంటే గింజలే ఎక్కువ. ముక్కను బోర్లించి కాదు, తొక్క కిందికుండేలా పట్టి పిండుతోంది. తొక్కలోని నూనె రసంతోపాటు జారాలి. వాసన దబ్బకాయకు దగ్గర చుట్టం, కాస్త పూలవాసన ఎక్కువ. ఆ రసాన్ని సోయాసాస్‌లో, మరగకాచిన మిరిన్ అనే తియ్యటి వంట సారాలో కలిపి, కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో తురుము వేసి ఊరనిస్తారు. ఇవాళ పిండింది తరవాతి వాడకానికి. మీ ముందున్న గిన్నెలోది ఇప్పటికే ఊరినది. అంటే పళ్లెంలో ఉన్న చేపే పులుసులోనూ ఉంది. అందుకే ఆ పులుపు చేపను తరమకుండా దానితో కలిసిపోతుంది.

ముక్కల మీద పొన్జు చిలకరించి అరచేత్తో మెల్లగా తట్టింది. పైన ఉల్లికాడలు, మ్యోగా అనే అల్లంజాతి మొక్క మొగ్గల తరుగు, పచ్చి వెల్లుల్లి రేకలు. మిగతా చోట్ల అల్లం వేస్తారు, కోచిలో వెల్లుల్లే. భయపడకుండా రేకను ముక్కతోపాటే పెట్టుకోండి. ముందు చర్మం కరకర, వెంటనే పొగ, ఆపైన గోరువెచ్చటి కొవ్వు. నడుమ కండ ఇంకా చల్లగా ఉంది. చివర్లో వెల్లుల్లి ఘాటును యుజు కోసేస్తుంది.

రెండో ముక్కకు ఉప్పు మాత్రమే అద్దుకోమంటోంది పెద్దామె. ఈలోగా చేప గుండెను సోయాలో, అల్లంతో ఉడకబెడుతోంది. ఇక్కడ దాన్ని చిచికో అంటారు. అదీ అడిగి తినండి.