గట్టిపడిన ఉక్కుకు బెజ్జం: సొంతంగా కట్టుకునే విమానాల తోకచక్రం – పనిక్రమ చరిత్ర

వ్యాససంగ్రహం:
ఉక్కుపనిలో వాడుకగా ఉన్న క్రమం ఒకటే: మెత్తగా ఉన్నప్పుడు బెజ్జం వేయాలి, తరువాత గట్టిపరచాలి. సొంతంగా విమానం కట్టుకునే ఔత్సాహికుడు తోకచక్రం బిగించేటప్పుడు మాత్రం అప్పటికే గట్టిపడిన ఉక్కుకు బెజ్జం వేయవలసి వస్తుంది. ఈ తలకిందుల క్రమం ఎలా ఏర్పడింది, దానికి తగిన పనిముట్లు ఎప్పుడు వచ్చాయి, అది సాంకేతిక చరిత్ర రచనకు ఏమి నేర్పుతుంది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉక్కు, పదును, కోనసముద్రం, తోకచక్రం, పనిక్రమం, ఔత్సాహిక విమాన నిర్మాణం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'పదును' అనే మాటకు రెండు ప్రధానార్థాలున్నాయి. కత్తి అంచుకు ఉండే వాడితనం ఒకటి. దుక్కికి అనువుగా నేలలో ఉండే తడి మరొకటి. రెండవ అర్థం కాలంతో ముడిపడినది. పదును ఉన్నప్పుడే దున్నాలి. ఆరిపోయిన నేల నాగలికి లొంగదు. ఉక్కుకు కూడా ఇటువంటి పదును ఉంది. నెమ్మదిగా చల్లార్చిన ఉక్కు కోతకు లొంగుతుంది. అదే ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లబరిస్తే ఆకురాయి కూడా దానిమీద జారిపోతుంది. అంటే గట్టిదనం పదార్థానికి శాశ్వతంగా అంటిన గుణం కాదు, అది పొందిన స్థితి. ఆ స్థితికి ముందు ఏ పని చేయాలి, తరువాత ఏ పని చేయాలి అన్న జ్ఞానాన్ని ఈ వ్యాసంలో 'పనిక్రమం' అని వ్యవహరించడం జరిగింది.

లోహచరిత్రలు సాధారణంగా పదార్థాన్నీ, దానిని కనుగొన్నవారినీ నమోదు చేస్తాయి. పనిక్రమం చాలావరకు చేతిలోనే ఉండి, చేతితోపాటే పోతుంది. వస్తువు ఒక చోటి నుండి మరొక చోటికి చేరినప్పుడు పనిక్రమం దానివెంట వెళ్లదు. ఈ ప్రతిపాదనకు రెండు ఉదాహరణలు ఇక్కడ తీసుకోవడమైనది. ఒకటి తెలంగాణ నేల నుండి వెళ్లిన ఉక్కు. రెండవది, ప్రధాన విషయం, అమెరికా ఔత్సాహికుల విమానాల తోకచక్రం.

2. కోనసముద్రం ఉక్కు – వెంట వెళ్లని క్రమం:
నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం మూసఉక్కుకు ప్రసిద్ధి చెందిన గ్రామం. 1820ల తొలినాళ్లలో ఆ ప్రాంతంలో పర్యటించిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెచ్. డబ్ల్యు. వాయ్‌సీ అక్కడి తయారీని చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు కొనుగోలు చేసేవారని ఆ వివరణ తెలుపుతుంది. మూసలో తయారైన ఉక్కుముద్దను అలాగే సాగగొట్టేవారు కారు. దానిని మళ్లీ మళ్లీ చాలాసేపు కాచి, పనికి లొంగేంతవరకు మెత్తబరిచేవారు.

ఈ ఉక్కునే ఐరోపావారు 'వూట్జ్' అన్నారు. ఈ మాటకు మూలం దక్షిణాది 'ఉక్కు' పదమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ దీనిపై లండన్ రాయల్ సొసైటీకి పరిశోధనపత్రం సమర్పించాడు. తరువాత మైకేల్ ఫారడే కూడా దీనిని పరీక్షించాడు. అయితే ఐరోపా కమ్మరులు తమకు అలవాటైన అధిక వేడిమిలో సమ్మెటతో కొట్టినప్పుడు ఈ ఉక్కు పొడిపొడిగా చిట్లిపోయేది. కర్బనం ఎక్కువగా ఉండే ఈ లోహానికి తక్కువ వేడి, ఓపిక అవసరం. లోపం ఉక్కులో లేదు, కమ్మరి నైపుణ్యంలోనూ లేదు. లోహం ఓడ ఎక్కింది, దాని పనిక్రమం ఎక్కలేదు.

3. కోసే ఉక్కు, కోయబడే ఉక్కు:
గట్టి ఉక్కుకు బెజ్జం వేయాలంటే అంతకంటె గట్టి బర్మా కావాలి. నేడు వాడే మెలిక బర్మాకు అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు పొందాడు. అప్పటి బర్మాలు కర్బన ఉక్కుతో చేసినవి. రాపిడివల్ల సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే వాటి మొన మెత్తబడేది. అందువల్ల 'ముందు బెజ్జం, తరువాత గట్టిదనం' అనే క్రమం కార్ఖానాలలో ఇంచుమించు తప్పనిసరిగా ఉండేది.

1868లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ ముషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును రూపొందించాడు. 1898–1900 మధ్య బెత్లెహాం ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అటువంటి ఉక్కును మునుపటికంటె చాలా అధిక వేడిమిలో గట్టిపరిచే పద్ధతిని సాధించారు. 1900 పారిస్ ప్రదర్శనలో వారి పనిముట్లు మొన ఎర్రబడినా కోత ఆపలేదు. ఇదే హైస్పీడ్ ఉక్కు. దీనికి కోబాల్టు చేర్చినప్పుడు వేడిని ఇంకా బాగా తట్టుకొంది. 1923లో జర్మనీకి చెందిన కార్ల్ ష్రోటర్ పేటెంటు పొందిన టంగ్‌స్టన్ కార్బైడు మిశ్రమాన్ని క్రుప్ సంస్థ 1920ల చివర్లో 'విడియా' పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

గట్టిదనాన్ని అంకెలలో చెప్పే పద్ధతి కూడా ఈ కాలానిదే. బేరింగు కర్మాగారంలో పనిచేస్తున్న హ్యూ, స్టాన్లీ రాక్‌వెల్ 1914లో తమ కొలత యంత్రానికి పేటెంటు దరఖాస్తు చేశారు. వారి 'సి' కొలమానం ప్రకారం స్ప్రింగు ఉక్కు సాధారణంగా 40–50 మధ్య, హైస్పీడ్ బర్మా 62–66 మధ్య ఉంటాయి. ఈ అంతరమే పాత క్రమాన్ని తలకిందులు చేయడానికి వీలు కల్పించింది.

4. తోకకర్ర నుండి తోకచక్రం వరకు:
మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాలకు చాలావరకు తోక కింద చక్రం ఉండేది కాదు. ఇనుపతొడుగు వేసిన కర్ర ఉండేది. అది పచ్చికనేలను గీసుకుంటూ విమానాన్ని ఆపేది. అంటే తోకకర్రే అప్పటి బ్రేకు. చక్రాలకు బ్రేకులు, విమానాశ్రయాలకు గట్టి రన్‌వేలు వచ్చాక కర్ర ఉపయోగం తీరింది. 1930ల నాటికి తోకచక్రం స్థిరపడింది.

చక్రం వచ్చాక దెబ్బను మింగే స్ప్రింగు అవసరమైంది. ఈ విషయంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌కు చెందిన పందెపు విమానచోదకుడు స్టీవ్ విట్‌మన్ పేర్కొనదగినవాడు. లారీ కమానుపట్టీ వలె వంగి మళ్లీ నిలిచే ఉక్కుపట్టీనే ముందుచక్రాల కాలుగా ఆయన రూపొందించాడు. ఆ పద్ధతిని 1946లో వచ్చిన సెస్నా 140లో సెస్నా సంస్థ వాడుకొంది. పట్టీకి బదులు ఒక చివర సన్నబడే ఉక్కుకడ్డీ వాడే పద్ధతి కూడా ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. ఔత్సాహికుల విమానాలలో ముందుకాళ్లకూ, తోకచక్రానికీ ఇటువంటి కడ్డీ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తేలిక, సరళత దీని సుగుణాలు. అయితే వంగి నిలవాలంటే ఈ కడ్డీని ముందే గట్టిపరచి, తగినంత పదును దించి ఉంచాలి. మన సమస్య ఇక్కడే మొదలవుతుంది.

5. ఔత్సాహికుడి చేతికి వచ్చిన కడ్డీ:
1910లో శాంటోస్-డ్యుమాంట్ రూపొందించిన డెమొయిసెల్ విమానం నమూనాచిత్రాలను ఒక అమెరికా జనరంజక పత్రిక ప్రచురించింది. మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన బెర్నార్డ్ పియెటెన్‌పోల్ ఫోర్డు కారు ఇంజనుతో నడిపిన 'ఎయిర్ క్యాంపర్' నమూనా 1932లో అచ్చయింది. ఆ తరం నిర్మాత కర్ర, గుడ్డ, గొట్టం, రేకు ముడిసరుకుగా కొని అన్నీ తానే చేసుకొనేవాడు. కోత, బెజ్జం, గట్టిపరచడం ఏ వరుసలో జరగాలో నిర్ణయం అతనిదే. చాలా భాగాలు మెత్తని ఉక్కువే కాబట్టి మన సమస్య అప్పట్లో అరుదు.

1953లో పాల్ పొబెరెజ్నీ ఔత్సాహికుల సంఘాన్ని స్థాపించాడు. 1970ల నుండి కిట్ల యుగం బలపడింది. 1971లో తన ఆర్‌వీ-3 విమానాన్ని ఎగరేసిన రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ స్థాపించిన సంస్థ కిట్లతో పూర్తయి ఎగిరిన విమానాలు 10,000 దాటాయి. గట్టిపరచిన స్ప్రింగు కడ్డీ ఇప్పుడు సిద్ధంగా పెట్టెలో వస్తుంది.

అయినా బెజ్జం నిర్మాతకే మిగలడానికి కారణం ఉంది. కడ్డీ విమానపు తోకలోని గొట్టంలో దూరుతుంది. గొట్టానికీ కడ్డీకీ అడ్డంగా ఒకే బోల్టు దిగాలి. రెండు భాగాల బెజ్జాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలంటే, చక్రం నిటారుగా నిలిచేలా కడ్డీని అమర్చి, రెండింటికీ కలిపి ఒకేసారి బెజ్జం వేయడమే నమ్మకమైన మార్గం. అమెరికా చట్టం కూడా ఈ శ్రమ వెనుక ఉంది. విమానంలో అధికభాగం తన విద్య లేదా వినోదం కోసం నిర్మాత స్వయంగా చేసి ఉంటేనే అది ఔత్సాహిక విమానంగా గుర్తింపు పొందుతుంది.

6. బెజ్జం వేసే విధానం – దాని తర్కం:
ఇంటి షెడ్డులో ఉండే చేతిడ్రిల్లు నిమిషానికి 1,000 నుండి 3,000 చుట్లు తిరుగుతుంది. 6.35 మిల్లీమీటర్ల బర్మా చుట్టుకొలత సుమారు 20 మిల్లీమీటర్లు. 3,000 చుట్లకు దాని అంచు నిమిషానికి 60 మీటర్లు పరుగెడుతుంది. గట్టిపడిన ఉక్కుమీద ఆ వేగంతో మొన క్షణాలలో నీలబడి చచ్చిపోతుంది. 300 చుట్లకు తగ్గిస్తే అంచు వేగం 6 మీటర్లే. అందుకే అనుభవజ్ఞులు కోబాల్టు బర్మా, తక్కువ వేగం, నిలకడైన బలమైన ఒత్తిడి, ధారాళమైన కోతనూనె అంటారు. బర్మా కోయకుండా రాపాడితే వేడి పుట్టడమే తప్ప లోతు పెరగదు. కడ్డీ గుండ్రంగా ఉండటంవల్ల మొన జారకుండా దారి చూపే గట్టి బుష్ కావాలి. చివరి కొలత వరకు బర్మాతో పోకుండా, కొద్దిగా తక్కువ బెజ్జం వేసి, రీమరుతో నునుపుగా పూర్తిచేయాలి.

ఇక్కడ సులభంగా తోచే దారి ఒకటుంది. కడ్డీ చివరను మంటతో ఎర్రగా కాల్చి, మెత్తబరచి బెజ్జం వేయడం. కమ్మరి కొలిమిలో ఇది సహజమైన పనే. ఇక్కడ మాత్రం ప్రమాదకరం. అధిక భారం పడే చోటే స్ప్రింగు గుణం పోతుంది. దానిని తిరిగి తెచ్చే కొలిమి, కొలతలు నిర్మాత దగ్గర ఉండవు. బెజ్జం వదులైతే ప్రతి దిగుడులోనూ బోల్టు సుత్తిలా కొట్టి దానిని కోలగా మారుస్తుంది. బెజ్జం గోడమీద మిగిలిన గీత నుండి పగులు మొదలై, పదేపదే పడే భారంతో పెరుగుతుంది. నేలమీద పరుగెడుతున్న విమానానికి తోకచక్రమే చుక్కాని వంటిది. అది విరిగితే విమానం గిర్రున తిరిగిపోవచ్చు. ఆ విమానంలో కూర్చునేవాడు బెజ్జం వేసినవాడే.

7. ముగింపు:
కోనసముద్రం ఉక్కును అందుకొన్న ఐరోపా కమ్మరి, తోకచక్రపు కడ్డీని అందుకొన్న ఔత్సాహికుడు ఒకే స్థితిలో ఉన్నారు. ఇద్దరి చేతికీ వచ్చింది వస్తువు. దానిలో ఇమిడి ఉన్న వేడిమి చరిత్ర కంటికి కనబడదు. తెలియక ఎక్కువ వేడి పెట్టడమే ఇద్దరికీ ఎదురైన ప్రమాదం. తేడా ఏమిటంటే, ఐరోపా కమ్మరి తన చేతిలో చిట్లిన లోహాన్ని చూసి పొరపాటు గ్రహించగలిగాడు. ఔత్సాహికుడి పొరపాటు రన్‌వే మీద గాని బయటపడదు.

కాబట్టి సాంకేతిక చరిత్ర రాసేవారు 'ఏమి చేశారు' అనే ప్రశ్నతో ఆగకుండా 'ఏది ముందు, ఏది తరువాత' అని కూడా అడగాలి. మన గ్రామాలలో కొలిమి పని తెలిసిన వృద్ధులు ఇంకా ఉన్నారు. వృత్తిపదాల సేకరణలో పనిముట్ల పేర్లు రాసుకొంటున్నాం. ఆ పనుల వరుసను, ప్రతి దశలో లోహపు రంగును, చేతికి తెలిసే ఆనవాళ్లను కూడా వారి మాటల్లోనే నమోదు చేయవలసి ఉంది. నేలకైనా ఉక్కుకైనా పదును దాటిన తరువాత చేసే పని కష్టమైనది. ఆ సేకరణకు కూడా ఇదే వర్తిస్తుంది.