ఇంటి పన్ను పెంపుపై అప్పీలుకు ముందు అభ్యంతరం తప్పనిసరి

హైదరాబాద్‌లో ఇంటి పన్ను పెంచుతూ ప్రత్యేక నోటీసు అందుకున్న యజమానులు తొలుత మున్సిపల్ కమిషనర్‌కు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ఈ దశను విస్మరించి నేరుగా న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే అప్పీలు విచారణకు నోచుకోదు. అందువల్ల నోటీసులో పేర్కొన్న గడువులోగా దరఖాస్తు సమర్పించి రసీదు పొందాలి.

పన్ను అధికమన్న వాదన ఒక్కటే చాలదు. లెక్కలో దొర్లిన పొరపాటును ఆధారాలతో చూపాలి. ఇంటి విస్తీర్ణం, వినియోగం, చదరపు అడుగుకు అద్దె విలువ, కట్టడం వయసు సరిగా నమోదయ్యాయో లేదో పరిశీలించాలి. చట్టం ప్రకారం వార్షిక అద్దె విలువలో 25 ఏళ్ల వరకు 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల వరకు 20 శాతం, 40 ఏళ్లు పైబడిన కట్టడాలకు 30 శాతం తగ్గింపు వర్తిస్తుంది. మంజూరైన ప్లాను, రిజిస్టర్డ్ దస్తావేజు, పాత పన్ను రసీదుల నకళ్లను దరఖాస్తుకు జతపరచాలి.

కమిషనర్ నిర్ణయం సంతృప్తినివ్వని పక్షంలో 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోని 282 సెక్షన్ కింద సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. అయితే వివాదంలో ఉన్న పన్నును ముందుగా కమిషనర్ వద్ద జమ చేయవలసి ఉంటుంది.