యూదుల చదువు మనకెందుకు?



పోయిన నెల ఒక రాత్రి పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. మన సంఘంలో పెద్దామె. ఆమె మనవరాలు మదనపల్లెలో ఇంటర్ చదివి, ఇప్పుడు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో కంప్యూటర్ డిగ్రీ చేస్తోంది.

"అయ్యగారూ, మా పాప ఆడ యూదుల చదువు చదవతా ఉండాదంట. మైనరో ఏందో అంటా ఉండారు. యూదుల్లో కలిసిపోతాదేమో అని నాకు నిద్ర పట్టడం లేదు. మీరు ఒక మాట చెప్పండి, మానేస్తాది" అంది.

"ప్రార్థన చేస్తానమ్మా" అని ఫోను పెట్టేశాను. మా పాస్టర్లకు జవాబు తెలియనప్పుడు వచ్చే మొదటి మాట అదే. రెండు రోజుల తర్వాత పాపతోనే మాట్లాడాను. ఆమె నన్ను తిరిగి ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, మన పాత నిబంధనను తెలుగులోకి తెచ్చిన దొరలకు హీబ్రూ వచ్చు కదా. వాళ్ళకు ఎవరు నేర్పించారు?"

ఇరవై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను. ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. ఆ ఇద్దరి అనుమతితో, పేర్లు లేకుండా, నేను వెతికి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఈ మైనర్ అంటే ఏమిటో చెప్పాలి. అమెరికా కాలేజీల్లో డిగ్రీకి ఒక ప్రధాన సబ్జెక్టు ఉంటుంది. దానితో పాటు ఇష్టమైన ఇంకో విషయంలో ఐదారు కోర్సులు చదివితే దాన్ని మైనర్ అంటారు. యూదు అధ్యయనాల మైనర్‌లో హీబ్రూ భాష, బైబిలు కాలపు చరిత్ర, తల్మూదు రాసిన రబ్బీల కాలం, ఐరోపాలోనూ అరబ్బు దేశాల్లోనూ యూదులు బ్రతికిన తీరు, హిట్లర్ చేసిన మారణహోమం, నేటి ఇశ్రాయేలు, ఇలాంటివి ఉంటాయి. అది మతంలో చేర్చుకునే బడి కాదు. ఆ తరగతిలో యూదులూ ఉంటారు, క్రైస్తవులూ, ముస్లింలూ, ఏ మతమూ లేనివారూ ఉంటారు. పరీక్ష రాస్తారు, మార్కులు వేస్తారు. అంతే.

ఇక పాప అడిగిన ప్రశ్న. దాని జవాబు మన మదనపల్లెలోనే మొదలవుతుంది.

జాకబ్ ఛాంబర్లేన్ దొర పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆర్కాటు మిషన్ తరఫున వచ్చిన వైద్యుడు, సువార్తికుడు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1835లో పుట్టాడు. 1860లో మన దేశానికి వచ్చాడు. 1863 నుంచి మదనపల్లెను తన స్థలంగా చేసుకున్నాడు. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా అనేది 1911 దాకా లేనే లేదు. పులుల అడవిలో ఆయన చేసిన ప్రయాణాల కథలు మనకు తెలుసు. ఆయన వైద్యం గురించి తెలుసు. కానీ 1873 నుంచి 1894 వరకు తెలుగు బైబిలును సవరించే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఇరవై ఒక్క ఏళ్ళు! రోగులను చూస్తూ, ఊళ్ళు తిరుగుతూ, ఆ పని కూడా మోశాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఆయన ఒక్కడే కాదు. 18వ శతాబ్దం మొదట్లోనే బెంజమిన్ షుల్ట్జ్ బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు, అది అచ్చుకు నోచుకోలేదు. తర్వాత విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు, వారికి తోడుగా ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ విశ్వాసి, మొదటి సువార్తల కోసం శ్రమపడ్డారు. 1812లో అవి అచ్చయ్యాయి. ఇలా ఎందరో.

ఛాంబర్లేన్ దొర 1859లో పట్టా పుచ్చుకున్నది న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్విక్ ఊళ్ళో ఉన్న సెమినరీలో. మన పాప ఇప్పుడు చదువుతున్న రాష్ట్రమే అది. అదే న్యూ బ్రన్స్విక్‌లో ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఈ రోజు యూదు అధ్యయనాలకు ఒక శాఖ ఉంది. దొర అక్కడి నుంచి మదనపల్లెకు వచ్చాడు. పాప మదనపల్లె నుంచి అక్కడికి వెళ్ళింది. ఈ సంగతి తెలిసినప్పుడు నేను కుర్చీలో కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మరి ఆ సెమినరీ గురువులకు హీబ్రూ ఎక్కడిది? దారి వెనక్కి వెళ్తే ప్రతిచోటా ఒక యూదుడు కనిపిస్తాడు.

హీబ్రూ రాతలో మొదట అచ్చుల గుర్తులు లేవు, హల్లులే ఉండేవి. మన క, కి, కు, కె అన్నింటికీ ఒక్క క మాత్రమే రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. చదివే పద్ధతి నోటి నుంచి నోటికి వచ్చేది. ఆ పద్ధతి పోకుండా గలిలయ సముద్రపు ఒడ్డున తిబెరియలో యూదు పండితులు దాదాపు 7 నుంచి 10వ శతాబ్దం వరకు తరతరాలుగా కూర్చుని, మన గుణింతం లాగా అక్షరాల కిందా పైనా చుక్కలూ గీతలూ పెట్టారు. వారినే మసోరెతులు అంటారు. ఒక్క అక్షరం తప్పిపోకుండా లెక్కలు రాసుకున్నారు. మన కీర్తనల గ్రంథం మనదాకా చెడకుండా వచ్చిందంటే ఆ చుక్కల పుణ్యమే.

క్రైస్తవ ఐరోపాలో హీబ్రూ వచ్చిన పండితులు చాలాకాలం బహు కొద్దిమంది. 1492లో యోహాన్ రాయిక్లిన్ అనే జర్మన్ పండితుడు చక్రవర్తి ఆస్థాన వైద్యుడైన యాకోబ్ లోవన్స్ అనే యూదుని దగ్గర హీబ్రూ నేర్చుకున్నాడు. 1506లో క్రైస్తవుల కోసం హీబ్రూ వ్యాకరణం రాశాడు. కొద్ది రోజులకే యూదుల పుస్తకాలన్నీ లాక్కుని కాల్చేయాలని కొందరు బయలుదేరారు. రాయిక్లిన్ దానికి అడ్డుపడ్డాడు. ఆ పుస్తకాలను కాపాడాలని 1510లో రాసి ఇచ్చాడు. అందుకు ఆయన మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది. చదువు చెప్పిన వాళ్ళ ఇల్లు కాలుతుంటే చూస్తూ ఊరుకోని శిష్యుడు ఆయన.

అందరూ అలా లేరు. ఇక్కడ నేను నిజం దాచకూడదు. మనం ఎంతో గౌరవించే మార్టిన్ లూథర్ కూడా హీబ్రూ నేర్చుకుని పాత నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు. అదే చేత్తో 1543లో యూదుల మీద ఒక పుస్తకం రాశాడు. వాళ్ళ సమాజమందిరాలను తగలబెట్టమన్నాడు. 400 ఏళ్ళ తర్వాత హిట్లర్ మనుషులు ఆ పుస్తకాన్ని బయటకు తీసి వాడుకున్నారు. 1938 నవంబరులో జర్మనీలో సమాజమందిరాలు నిజంగానే తగలబడ్డాయి. యుద్ధం ముగిసేసరికి దాదాపు 60 లక్షలమంది యూదులను చంపేశారు. 1994లో అమెరికా లూథరన్ సంఘం లూథర్ రాసిన ఆ మాటలను బహిరంగంగా త్రోసిపుచ్చింది.

అమెరికాలోని హార్వర్డ్ కాలేజీలో హీబ్రూ చెప్పడానికి 1722లో యూదా మోనిస్ అనే పండితుణ్ణి తీసుకున్నారు. యూదుడిగా ఉండగా ఆ ఉద్యోగం ఇవ్వలేదు. అదే ఏడు బాప్తిస్మం పొందాకే ఇచ్చారు. 1760 దాకా ఆయన పాఠం చెప్పాడు. జర్మనీలో లియోపోల్డ్ జుంజ్ అనే యువకుడు, అతని స్నేహితులు 1819లో యూదుల చరిత్రను విశ్వవిద్యాలయపు పద్ధతిలో చదవాలని ఒక సంఘం పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయాలు వాళ్ళకు తలుపు తీయలేదు. 1930లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం యూదుల చరిత్ర కోసమే ఒక ఆచార్య పీఠం పెట్టి, సాలో బారన్‌ను దానిలో కూర్చోబెట్టింది. మన పాప చదువుకునే మైనర్ వెనుక ఇంత కథ ఉంది. నీ మతం మార్చుకో అని గురువునూ అడగని, శిష్యురాలినీ అడగని తరగతి గది ఊరికే రాలేదు.

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోకండి. 1647 ప్రాంతంలో మన హైదరాబాదులో సర్మద్ అనే సూఫీ ఉండేవాడు. పుట్టుకతో యూదుడు, తర్వాత ఇస్లాం స్వీకరించాడు. అతని శిష్యుడు అభయ్ చంద్ అనే హిందూ యువకుడు. ఆ శిష్యుడు ఆదికాండము మొదటి అధ్యాయాలను పారసీకంలోకి తెచ్చాడు, గురువు దిద్దాడు. మతాల గురించిన దబిస్తాన్ అనే పారసీక గ్రంథంలో ఆ తర్జుమా ఉంది. అంటే ఛాంబర్లేన్ దొరకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే మన గడ్డ మీద యూదుల చదువు జరిగింది. ఈ రోజుకీ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. 1991 నుంచి వారికి సమాజమందిరం ఉంది. వారి వాదనను అందరూ ఒప్పుకోరు. కానీ తెలుగు మాట్లాడే నోళ్ళతో వాళ్ళు విశ్రాంతిదినపు హీబ్రూ ప్రార్థనలు చేస్తున్నారు.

కుప్పంలో ఉన్న మన సంఘస్థుల కోసం ఒక మాట. మీ ఊళ్ళో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. యేసు సిలువ మీద పలక కూడా మూడు భాషల్లో రాశారని యోహాను 19:20 చెబుతుంది. 1 రాజులు 10:22లో సొలొమోను ఓడలు నెమళ్ళను తెచ్చాయని ఉంది కదా. నెమళ్ళకు అక్కడ ఉన్న హీబ్రూ మాట తుక్కియీం. ఆ మాట తమిళంలో నెమలి తోకను చెప్పే తోగై నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. తమిళ తోగై, మన తెలుగు తోక ఒకే వేరు నుంచి పుట్టినవి. మీ ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుకునే విషయమే ఇది. మన మాటకు చుట్టమైన ఒక మాట హీబ్రూ బైబిలులో కూర్చుని ఉంది, చూశారా!

ఇప్పుడు నా సంగతి. సెమినరీలో నేనూ హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నాను. పరీక్ష కోసం నేర్చుకున్నాను, పరీక్షతోనే వదిలేశాను. తర్వాత ఎన్ని మంచి శుక్రవారాలు ఈ నోటితో "యూదులు యేసును చంపారు" అని కేకలు వేశానో నాకే లెక్క లేదు. యేసు యూదుడని, మరియ యూదురాలని, పౌలు గమలీయేలు అనే రబ్బీ పాదాల దగ్గర చదువుకున్నాడని చెప్పడానికి మాత్రం గొంతు లేవలేదు. నా ప్రసంగం వినే మీలో ఎవరూ యూదుణ్ణి చూసి ఉండరు, కాబట్టి ఎవరికీ నొప్పి తగలదనుకున్నాను. కానీ చూడని మనిషి మీద ద్వేషం నేర్పడం సులభం. అది నేను చేశాను. ప్రభువు నన్ను క్షమించును గాక.

ఇంకో వైపు ఇప్పుడు కొత్త పోకడ వచ్చింది. స్టేజీ మీద ఇశ్రాయేలు జెండా, పొట్టేలు కొమ్ము బూర, యెరూషలేము నూనె సీసాలు. ఇది ప్రేమలాగే కనిపిస్తుంది. కానీ యూదులు ఏమి నమ్ముతారో, ఎలా బ్రతికారో, ఏమి పోగొట్టుకున్నారో తెలుసుకోకుండా వాళ్ళ వస్తువులు మాత్రం ఎత్తుకొచ్చి మన పందిట్లో పెట్టుకోవడం ప్రేమ కాదు. ద్వేషమూ, ఈ మోజూ రెండూ ఒక మనిషిని చూడకుండానే పుడతాయి. ఆ రెంటికీ మందు ఓపికగా కూర్చుని నేర్చుకోవడం. మన పాప చేస్తున్నది అదే.

రోమా 11లో పౌలు మనల్ని అడవి ఒలీవ కొమ్మలతో పోల్చాడు. అంటు కట్టిన కొమ్మ వేరును మోయడం లేదు, వేరే దాన్ని మోస్తోంది అని గుర్తు చేశాడు. మన ప్రాంతంలో మామిడి అంటు కట్టే రైతుకు ఇది చెప్పనక్కరలేదు. వేరు ఎలాంటిదో తెలుసుకుంటే కొమ్మకు నష్టం ఏమిటి?

పుంగనూరు పెద్దామెకు ఫోను చేసి ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె అంతా విని, "అట్లనా! మన బైబిలు వాళ్ళు దాచి పెట్టిందా?" అంది. కాసేపాగి, "సరే గానీ అయ్యగారూ, ఆదివారం చర్చికి పోతా ఉండాదో లేదో అది గూడా అడగండి" అంది. అడిగాను. పోతోంది. పరీక్షల వారం మాత్రం తప్పిందట.

ప్రియులారా, ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. మీ తెలుగు బైబిలులో 119వ కీర్తన తెరవండి. భాగాల మొదట్లో ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఉంటాయి. నేను ఇన్నేళ్ళూ చదవకుండా దాటేసిన మాటలవి. అవి హీబ్రూ అక్షరాల పేర్లు. మన అ ఆ ల లాంటివి. ఇరవై రెండూ పిల్లలతో పైకి చదివించండి. వాటిని కాపాడి మనకు అందించిన వారిని తలుచుకుని దేవునికి స్తోత్రం చెప్పండి.

ప్రార్థన: తండ్రీ, మేము చూడని మనుషుల గురించి మా నోళ్ళు పలికిన తప్పుడు మాటలను క్షమించు. దూరదేశంలో చదువుకుంటున్న మా పిల్లలకు తెలివినీ వినయాన్నీ ఇవ్వు. వారు నేర్చుకున్నది మాకు నేర్పేటప్పుడు వినే మనసు మాకు దయచేయి. యేసు నామమున, ఆమేన్.