చుక్క గుర్తు ఉన్న ఊళ్లు

ట్రిప్పు ప్లాన్ చేసేటప్పుడు ఫోన్‌లో మనం చూసే రేటింగ్ నక్షత్రాలకి ఒక పుట్టిల్లు ఉంది. అది రైన్ నది ఒడ్డు.

1827లో జర్మనీలో కొలోన్, మైన్జ్ నగరాల మధ్య రైన్ మీద ఆవిరి పడవలు తిరగడం మొదలైంది. అంతకు ముందు సరదాకి దేశాలు తిరగాలంటే పెద్దింటి కుర్రాడై పుట్టాలి, వెంట ఒక గురువు ఉండాలి, చేతిలో ఏడాదో రెండేళ్లో తీరిక ఉండాలి. ఆవిరి పడవ వచ్చాక మధ్యతరగతి మనిషి కూడా కొద్ది రోజుల్లో నదినీ కొండలనీ పాడుబడ్డ కోటలనీ చూసి ఇంటికి రావచ్చు. మరుసటి ఏడాదే క్లైన్ అనే ఆయన రైన్ ప్రయాణం మీద ఒక పుస్తకం వేశాడు. తొందరగా ప్రయాణించేవాళ్ల కోసం అని దాని పేరులోనే ఉంది. ఈ కథ మొత్తంలో నన్ను ఆపిన మాట అదే. “తప్పక చూడాల్సినవి” అనే జాబితాని కన్నది సౌందర్య దృష్టి అనుకుంటాం కానీ, అసలు తల్లి సెలవు చాలకపోవడం. లాంగ్ వీకెండ్ కోసం క్యాలెండర్ తిరగేసే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ పుస్తకం వేసిన ప్రచురణ సంస్థని కోబ్లెంజ్‌లో పుస్తకాల వ్యాపారి కార్ల్ బేడెకర్ కొన్నాడు. 1835లో దాన్ని దిద్ది మళ్లీ వేశాడు. పరమ చాదస్తుడు. మిలాన్ చర్చి పైకి ఎక్కుతూ, లెక్క తప్పకుండా ఇరవై మెట్లకొక బఠాణీ గింజని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, ఆయన పుస్తకాల్ని జనం ఎలా నమ్మారో ఆ కథ చెబుతుంది. ఈ మనిషే 1840లలో, విశేషమైన వాటి పక్కన ఒక చుక్క గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. తర్వాత మరీ గొప్పవాటికి రెండు చుక్కలు. తెలుగులో చుక్క అంటే నక్షత్రమూ అవుతుంది, దిష్టి చుక్కా అవుతుంది. ఈ గుర్తుకి రెండూ సరిపోయాయి.

పాఠకుడికి ఇది పెద్ద ఉపకారమే. గైడు చేతిలో మోసపోనక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. కాకపోతే చూసే పనిలో సగం పుస్తకమే చేసేస్తుంది. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1908 నవల ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’లో లూసీ అనే ఇంగ్లీషు అమ్మాయి ఫ్లోరెన్స్‌లో ఒక చర్చిలో బేడెకర్ లేకుండా ఒంటరిగా చిక్కుకుంటుంది. ఇన్ని సమాధుల్లో ఏది అందమైనదో చెప్పేవాళ్లు లేక తికమకపడుతుంది. తర్వాత కాసేపటికి ఆ చోటు ఆమెని తన పాటికి తను ఆకట్టుకుంటుంది. ఫార్‌స్టర్ నవ్వుతూ రాశాడు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత అది నవ్వులాట కాకుండా పోయింది.

1942 మార్చి చివర్లో బ్రిటిష్ విమానాలు జర్మనీలోని పాత వర్తక నగరం ల్యూబెక్‌ని కాల్చేశాయి. దానికి ప్రతీకారంగా జర్మన్లు ఎంచుకున్నవి సైనిక స్థావరాలు కావు. ఏప్రిల్‌లో ఎక్సెటర్, బాత్, నార్విచ్, యార్క్; జూన్ మొదట్లో కాంటర్‌బరీ. అన్నీ అందానికీ చరిత్రకీ పేరున్న ఊళ్లు. బేడెకర్‌లో మూడు చుక్కలున్న బ్రిటన్ కట్టడాలన్నీ కూలుస్తామని జర్మన్ విదేశాంగ శాఖ ప్రతినిధి ఒకాయన నోరు జారాడు. బేడెకర్‌లో ఉన్నవి రెండు చుక్కలే! ఆయన పుస్తకం తెరిచి ఉండడు. అయినా ఆ దాడులకి బేడెకర్ దాడులనే పేరు స్థిరపడింది. వాటిలో చనిపోయిన పౌరులు 1,600 మందికి పైనే. చూడదగ్గవాటి జాబితా, కూల్చదగ్గవాటి జాబితా ఒకటే అయిన సందర్భం ఇది. 1943 డిసెంబరులో లైప్‌జిగ్ మీద బ్రిటిష్ బాంబులు పడి బేడెకర్ సంస్థ భవనమూ నాశనమైంది.

దానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి. ఆ 1943లోనే, నాజీలు ఆక్రమించిన పోలండ్ భాగానికి, అక్కడి పాలకుడు హాన్స్ ఫ్రాంక్ ప్రోద్బలంతో ఒక బేడెకర్ వచ్చింది. హోటళ్లు, చర్చిలు, రైలు దారులు, అంతా ఎప్పటిలాగే పద్ధతిగా. ఇప్పుడక్కడ యూదులు లేరన్న సమాచారం కూడా అంతే పద్ధతిగా. గైడు పుస్తకం ఏం చూపిస్తుందో చూస్తాం గానీ, దేన్ని దాటించి తీసుకెళ్తుందో అడగం.

తిండి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1900లో ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ ఒక ఉచిత గైడు పంచింది. జనం కార్లలో తిరగాలి, టైర్లు అరగాలి, అంతే. 1926లో హోటళ్ల భోజనానికి నక్షత్రం చేరింది, 1930లలో మూడు దాకా పెరిగింది. ఆ మూడు నక్షత్రాల కోసం వంటవాళ్లు ఇవాళ్టికీ నిద్ర మానుకుంటున్నారు.

బేడెకర్ పుస్తకాల కాలంలోనే మన దగ్గర ఇంకో రకం యాత్ర జరిగింది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరులో ఇంటికి చేరాడు. స్నేహితుడికి రాసిన ఉత్తరాలు ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. ఆయన ఏ ఊరికీ చుక్క పెట్టలేదు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లో నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది, ఇవే రాసుకుంటూ పోయాడు. పేరులేని పల్లెకీ మహాక్షేత్రానికీ ఆ ప్రశ్నలు ఒకటే. అందుకే ఆ కాలపు దారులూ పల్లెలూ ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ ఆయన్నే అడుగుతాం. మరీ మురిసిపోనక్కర్లేదు: పదిహేను నెలల తీరిక, వెంట సుమారు వంద మంది, పల్లకీ మోసే బోయీల భుజాలు. ఆ సదుపాయం మనకెవరిస్తారు?

చుక్కలు వద్దనడం నాకిష్టం లేదు. 2021 జులైలో పాలంపేట రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు నేనూ సంబరపడ్డాను. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. గుర్తింపు దాని హక్కు. ఆ గుర్తుతో సంరక్షణ వస్తుంది, రోడ్డు వస్తుంది, చాయ్ బండికి బేరం పెరుగుతుంది. వారాంతాల్లో హైదరాబాదు నుంచి కార్లు బారులు కడతాయి. అక్కడికి దగ్గర్లోనే ఘనపురంలో కోటగుళ్లున్నాయి. అవీ కాకతీయులవే, ఒకే ఆవరణలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లు, చాలావరకు శిథిలాలు. రామప్ప చూసిన కార్లలో ఎక్కువ భాగం అటు తిరగవు, నేరుగా వరంగల్ వైపు వెళ్లిపోతాయి.