సరస్సు ఎండిన వెయ్యేళ్లకు...

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. సరస్సు గట్టు నుంచి మరో నాలుగడుగులు వెనక్కి తగ్గింది. ముందు సున్నపు పొర అడుక్కి దిగింది. నీళ్లు చిక్కబడ్డాక జిప్సం పలుకులు మెరిశాయి. ఎండే ఉప్పునీటి మడుగుల్లో దాదాపు ఎప్పుడూ ఇదే వరస, ఉప్పుది ఆఖరి వంతు. ఆ తర్వాత గాలి లేచింది. చుట్టూ ఉన్న ఇసుక దిబ్బలకు కాళ్లొచ్చాయి.

రాజస్థాన్‌లో బికానేర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని లూణకరణ్‌సర్ సరస్సు అలా అంతరించి ఉండాలి. ఇందులో మన ఊహ కొంత ఉంది కానీ, ఎండిపోవడం మాత్రం నిజం. బురదే సాక్షి.

ఆ సాక్షిని మొదట పలకరించినవాడు గురుదీప్ సింగ్. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో పుప్పొడి శాస్త్రవేత్త. సాంభర్, డిడ్వానా, లూణకరణ్‌సర్‌ల అడుగు మట్టిని పొరపొరగా తీయించాడు. ప్రయోగశాలలో ఆ మట్టికి పెట్టే పరీక్ష మామూలుది కాదు. ఒక ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. తర్వాత పోసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇసుకను తినేస్తుంది. అది గాజునూ వదలదు, అందుకే ప్లాస్టిక్ గిన్నెల్లో పని. ఇంత జరిగినా పుప్పొడి రేణువు పైతొడుగు చెక్కుచెదరదు. సూక్ష్మదర్శిని కింద పెడితే ఏ మొక్కదో పోల్చుకోవచ్చు. అలా బయటపడ్డాయి జమ్ము, తుంగ, జమ్మి, చివరికి నేరేడు కూడా. జమ్మి సరే, మనం దసరాకు పూజించే చెట్టే అక్కడి ఖేజ్రీ. ఎడారిలో నేరేడేమిటి? వానలు బాగా పడిన రోజులున్నాయన్నమాట.

1971లో సింగ్ ఒక అడుగు ముందుకేశాడు. తడి కాలంలో సింధు పట్టణాలు లేచాయి, వానలు తప్పాక పాడుపడ్డాయి అన్నాడు. కథ సూటిగా ఉంది, చాలామందికి నచ్చింది. చిక్కల్లా తేదీలతోనే. ఆయన చేతిలో ఉన్న రేడియోకార్బన్ తేదీలు కొద్ది.

1999లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎహూదా ఎంజెల్, పుణె దక్కన్ కాలేజీ రాజగురు, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయం రమేశ్ తదితరులు అదే లూణకరణ్‌సర్ పొరలను మళ్లీ చదివి ‘సైన్స్’ పత్రికలో రాశారు. రేడియోకార్బన్ లెక్కలో 6,300 ఏళ్ల కిందట నీటిమట్టం ఒక్కసారిగా లేచింది. 4,800 ఏళ్ల కిందట సరస్సు పూర్తిగా ఎండింది. మన క్యాలెండరుకు మారిస్తే అది సుమారు 5,500 ఏళ్ల నాటి మాట. హరప్పా, మొహెంజోదారో వైభవమేమో క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు. అంటే సరస్సు పోయిన దాదాపు వెయ్యేళ్లకు, పొడి వాతావరణంలోనే, ఆ నగరాలు వెలిగాయి!

నన్నడిగితే ఈ గాథలో అసలు మలుపు ఇదే. కరువు కూల్చిందని మనం అనుకున్న ఆ నగరవాసులు కరువులోనే ఇటుక మీద ఇటుక పేర్చారు. నది ఒండ్రు, చలికాలపు జల్లులు వాళ్లను ఆదుకుని ఉండొచ్చు.

కరువు నిర్దోషిగా బయటపడిందా? లేదు. 2014లో కేంబ్రిడ్జి నుంచి యమా దీక్షిత్ బృందం హర్యానాలోని కోట్లా దహర్ అనే ఎండిన సరస్సుకు వెళ్లింది. అక్కడ సాక్షులు నత్తగుల్లలు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో బరువైన ఆక్సిజన్ వాటా పెరుగుతుంది, గుల్లలో అదే ముద్ర పడుతుంది. సుమారు 4,100 ఏళ్ల నాటి గుల్లల్లో ఆ వాటా పెరిగింది. రుతుపవనం హఠాత్తుగా నీరసించింది. నగరాలు సడలడం మొదలైంది ఇంచుమించు ఆ రోజుల్లోనే.

నాలుగేళ్లకు అదే పరిశోధకురాలి బృందం ఉత్తర రాజస్థాన్‌లోని కర్సండీలో జిప్సం పలుకుల లోపల చిక్కుకున్న నీటినే బయటికి లాగింది. 5,100 నుంచి 4,400 ఏళ్ల కిందటి వరకు అక్కడ తడి ఉందని తేలింది. ఒకే రాష్ట్రంలో ఒక సరస్సు పొడి అన్న కాలాన్ని ఇంకోటి తడి అంటోంది. సింగ్ పాత వాదానికి మళ్లీ ప్రాణం వచ్చింది, సగమే అనుకోండి.